బస్తా మోసినట్టు మనిషిని మోయకూడదు

బాన్సువాడలో ఫ్రెంచ్ ఎందుకు

ఈ ప్రశ్న నన్ను అడగనివాళ్లు తక్కువ. బస్సులో పక్క సీటావిడ అడిగింది. కరెంటు బిల్లు కట్టించుకునే అతను చిల్లర ఏరుతూ అడిగాడు. మా అన్న ఒక పెళ్లి పంక్తిలో అందరూ వినేటట్టు అడిగాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. అడిగినవాళ్లలో ఎవరి పిల్లయినా రేపు నా క్లాసులో చేరవచ్చు కదా. ఇప్పుడు రిటైరయ్యాను. ఇక నవ్వాల్సిన పని లేదు, జవాబే చెప్తాను.

మా దగ్గర వరి ఉంది. వరి ఉన్నచోట రైస్ మిల్లు ఉంటుంది. మిల్లు ఉన్నచోట దాన్ని విప్పి బిగించగల ఫిట్టర్లు ఉంటారు. పశ్చిమ ఆఫ్రికాలో మిల్లులు పెట్టేవాళ్లు మా వైపు ఫిట్టర్లను కొందరిని పిలిపించుకున్నారు. అక్కడ పనిచోట నడిచేది ఫ్రెంచ్. దుబాయి పోయేవాడు నాలుగు ముక్కలు అరబ్బీ నేర్చుకుంటే తెలివిగలవాడంటారు. ఆఫ్రికా పోయేవాడు నాలుగు ముక్కలు ఫ్రెంచ్ నేర్చుకుంటే నవ్వుతారు. ఈ తేడా ఎందుకో నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

నేను పనిచేసింది ఒక కమ్యూనిటీ కాలేజీలో. పేరు పెద్దది, ఉన్నవి జూనియర్ కాలేజీ వెనకాల మేడమీద మూడు గదులు, కింద రెండు గదులు, ముందు ఒక మైదానం. పది పాసైనా తప్పినా, వయసెంతైనా చేరవచ్చు. ఆరు నెలల కోర్సులు. కుట్టుపని, కంప్యూటర్, మంటలార్పడం నేర్పే ఫైర్, ఫ్రెంచ్. నేను ఫ్రెంచ్ చెప్పేదాన్ని. తర్వాత ఫైర్ కోర్సు చూసుకునే బాధ్యత కూడా నా మీదే వేశారు. మంటలకూ నాకూ పొయ్యి దగ్గర తప్ప పరిచయం లేదని చెప్పాను. ఎవరూ వినలేదు.

ఇలాంటి చోట కొత్తగా చేరే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి, పెన్షన్ కాగితాల సంగతి ఇందులో ఉండవు. మొదటివి రాలేదు. రెండోవి మీకు ఎలాగూ తెలుస్తాయి.

పుస్తకంలోని కాఫీ హోటల్

మాకు ఇచ్చిన ఫ్రెంచ్ పుస్తకంలో మొదటి పాఠం కాఫీ హోటల్లో మొదలవుతుంది. ఒకామె వచ్చి కూర్చుంటుంది. ఇంకొకాయన వచ్చి ఈ కుర్చీ ఖాళీయేనా అని అడుగుతాడు. తర్వాత ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. నేను నస్రుల్లాబాద్ దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టాను. హైదరాబాదులో చదివేటప్పుడు ప్రేమతో కాదు, మార్కులు బాగా వస్తాయని ఫ్రెంచ్ తీసుకున్నాను. నాకూ ఆ కాఫీ హోటలే చెప్పారు. నేనూ అదే చెప్పాను.

అజీమ్ అనే ఫిట్టర్ మా మొదటి బ్యాచ్‌లలో ఒకదాంట్లో చదివి ఆఫ్రికా వెళ్లాడు. వెళ్లిన కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. క్షేమం చెప్పాడు, అన్నం దొరుకుతోందన్నాడు, తర్వాత అడిగాడు.

"మేడం, బెల్టు నుంచి చెయ్యి తీయ్ అని ఫ్రెంచ్‌ల ఎట్లంటరు?"

చెప్పాను. మిల్లు ఆపు అనడానికి, మెల్లగా అనడానికి, వెనక్కి జరగమనడానికి కూడా అడిగాడు. అన్నీ చెప్పాను. చివర్లో అతనన్న మాట ఇది: "గిది మొదలే చెప్తే మంచిగుండు మేడం. కుర్చీ ఖాళీగ ఉందా అని ఈడ నన్నెవ్వరు అడుగుతలేరు. ఈడ కుర్చీలే లెవ్వు."

మరుసటి బ్యాచ్ నుంచి మొదటి పాఠం మార్చాను. ఆగు, చెయ్యి తీయి, వెనక్కి, నీళ్లు, నిప్పు, నొప్పి ఎక్కడ. ఈ ఆరూ వచ్చాకే "నమస్కారం, నా పేరు" అనేవి. పైనుంచి తనిఖీకి వచ్చిన ఒకావిడ, పలకరింపులు లేకుండా భాష ఎలా మొదలుపెడతారని నిలదీసింది. చెయ్యి పోయినవాడు ఏ చేత్తో నమస్కారం పెడతాడని నేను అడిగాను. ఆమె నా గురించి ఏం రాసుకుని వెళ్లిందో నాకు తెలియదు. పాఠం మాత్రం మార్చలేదు.

అంకెల పాఠం గురించి కూడా చెప్పాలి. ఫ్రెంచ్‌లో డెబ్బైని అరవై-పది అంటారు. ఎనభై అంటే నాలుగు ఇరవైలు. తొంభై అంటే నాలుగు ఇరవైల పది. టౌన్ పిల్లలు ఇది వినగానే తల పట్టుకునేవాళ్లు, ఇదేం లెక్క మేడం అని. తండాల నుంచి, పల్లెల నుంచి వచ్చినవాళ్లకు మాత్రం ఇందులో వింత ఏమీ కనిపించేది కాదు. వాళ్ల ముసలివాళ్లు మేకలను అట్లాగే లెక్కపెడతారు, మూడిరవైలు, మూడిరవైల పది అని. మీ క్లాసులోకి వచ్చే పిల్లలు ఖాళీ సంచులతో రారు. ఏం తెచ్చుకున్నారో ముందు విప్పి చూడండి, తర్వాత మీది పోయండి.

సాయిలు సార్

ఫైర్ కోర్సు చెప్పింది సాయిలు సార్. ఫైర్ స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి దిగిపోయిన మనిషి. గొంతు పెద్దది. చదివింది తక్కువ అని తనే చెప్పుకునేవాడు. పాఠం మాత్రం రాసుకున్నట్టు వరసగా చెప్పేవాడు. మొదటి రోజు బాణలిలో నూనె మరిగించి అంటించేవాడు. ఆర్పమంటే ప్రతి బ్యాచ్‌లో ఎవడో ఒకడు నీళ్ల బకెట్టు తీసుకుని ఉరికేవాడు. సార్ వాడి మెడపట్టి ఆపి, "నూనె మంట మీద నీళ్లు పోసెటోనికి ఫైర్ కోర్సు అక్కర్లె బిడ్డా, దవాఖాన కావాలె" అనేవాడు. తర్వాత మూత తీసి బాణలి మీద పెట్టేవాడు. మంట పోయేది. ఆ రోజుకు పాఠం అంతే.

నా సబ్జెక్టు అంటే ఆయనకు ఎగతాళి. ఒకసారి మైదానంలో అందరి ముందు అడిగాడు.

"మేడం, మంటొస్తే మీ ఫ్రెంచోళ్లు ఏమని ఒర్లుతరు?"

"ఓ ఫో."

"గంతేనా? గింత మాటకు ఆరు నెల్లు ఎందుకు మేడం, ఆరు నిమిషాలు చాలు."

పిల్లలు నవ్వారు. మరుసటి రోజు నుంచి డ్రిల్లులో ఆయనే "ఓ ఫో" అని అరవడం మొదలుపెట్టాడు. ఆయన గొంతుకు అది బాగానే సరిపోయింది.

ఎవరిని గౌరవించాలో, ఎవరి మాట వినాలో మొదటి ఏడాదిలోనే తేల్చుకోండి. ఈ రెండూ ఒకే మనిషి కానవసరం లేదు. నేను ప్రిన్సిపాల్ గారిని గౌరవించాను. సాయిలు సార్ మాట విన్నాను.

ఫ్రెంచ్ వద్దన్న పిల్ల

ప్రిన్సిపాల్ గారు చెడ్డవాడు కాదు. ఎక్కడెక్కడో తిరిగి మా ఫైర్ కోర్సుకు గొట్టాలు, నిచ్చెన సంపాదించింది ఆయనే. కానీ భయస్తుడు. చెడ్డ బాసు చేసే నష్టం అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు అడ్డుపడతారు. భయస్తుడు చేసే నష్టం మర్యాదలా కనిపిస్తుంది. దానికి ఎవరూ అడ్డుపడరు.

ఆయన పద్ధతి ఒకటుండేది. మగపిల్లలు వస్తే ఫైర్, ఆడపిల్లలు వస్తే ఫ్రెంచ్, కుట్టుపని. ఇది ఎక్కడా రాసిలేదు. కోర్సు కాగితంలో పదిహేడు నిండాలి, ఆరోగ్యం ఉండాలి అని మాత్రమే ఉంది. నేను రెండుసార్లు చదివాను.

జమున నస్రుల్లాబాద్ దాటాక లోపలికి ఉన్న తండా నుంచి వచ్చింది. ఇంటర్ పాసైంది. ఆమెను ఆయన నేరుగా నా దగ్గరికి పంపాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాకు ఫ్రెంచ్ వద్దు మేడం. నేను ఫైర్ల చేరుత."

ఎందుకు వద్దని కొంచెం గట్టిగానే అడిగాను. సబ్జెక్టును ఎవరైనా వద్దంటే టీచరుకు గుచ్చుకుంటుంది, అబద్ధం చెప్పను.

"మా తండాల ఫ్రెంచ్ చదివిన అక్క ఇంటికాడనే ఉన్నది. ఫైర్ చేసిన అన్న హైదరాబాద్‌ల పెద్ద దవాఖానల నౌకరి చేస్తుండు. గాడ ఆడోళ్ల వార్డులల్ల సేఫ్టీకి ఆడపిల్లలు గావాలంట. సర్టిఫికెట్ ఉంటే తీస్కుంటరంట."

ఆమె లెక్క తప్పు కాదు. ఫ్రెంచ్ చదివిన ఆడపిల్లల్లో ఉద్యోగాలకు వెళ్లింది తక్కువమందే. ఆఫ్రికా మిల్లులకు ఫిట్టర్లను అడుగుతారు, ఆడపిల్లలను అడగరు. ఆ పిల్ల చెప్పేదాకా ఆ మాట నేను పైకి అనలేదు.

ప్రిన్సిపాల్ గారిని కలిశాం. ఆయన నొచ్చుకుంటూనే ఒక మధ్యే మార్గం చెప్పాడు. ముందు ఫ్రెంచ్‌లో చేర్చుకుంటాను, ఉదయం పూట ఫైర్ డ్రిల్లుకు రానివ్వండి, పరీక్ష నాటికి చూద్దాం. పరీక్ష నాటికి చూద్దాం అనే మాటకు అర్థం ఇన్నేళ్ల సర్వీసులో నాకు తెలియనిది కాదు. అందుకే ఆ రోజే ఫైర్ కోర్సు ఫీజు కూడా ఆ పిల్ల చేత కట్టించి, రసీదు చేతికిప్పించాను. రసీదు ఉన్న మనిషిని బయటికి పంపడం కష్టం.

వడ్ల బస్తా

ఫైర్ పరీక్షలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు మనిషిని మోయడానికి. మేడమీద గదిలో స్పృహతప్పి పడి ఉన్న మనిషిని ఎత్తుకుని, కళ్లకు తువ్వాలు కట్టుకుని మెట్లు దిగి, మైదానంలో సున్నంతో గీసిన గీత దాటాలి. తువ్వాలు ఎందుకంటే, పొగలో కళ్లు ఉన్నా లేనట్టే.

మా వైపు మగపిల్లలకు మోయడం కొత్త కాదు. సీజన్ వస్తే సగంమంది మిల్లుల్లో హమాలీకి వెళ్లేవాళ్లే. బస్తా ఎలా ఎత్తుతారో అలాగే మనిషినీ ఎత్తుతారు. వెనక్కి తిరిగి, రెండు చేతులూ భుజాల మీదుగా వెనక్కి పోనిచ్చి, వీపు మీదికి లాక్కుని, నడుం వంచి నడుస్తారు. చూడటానికి దర్జాగా ఉంటుంది. రెండు చేతులూ బరువు పట్టుకునే ఉంటాయి. బస్తాకు మెడ లేదు కాబట్టి మెడ ఎటు వాలినా ఫికర్ లేదు.

సాయిలు సార్ చెప్పేది వేరు. మనిషిని రెండు భుజాల మీదా అడ్డంగా వేసుకోవాలి. ఒక్క చేత్తోనే అతని కాలూ చెయ్యీ కలిపి ఛాతీ దగ్గర బిగించాలి. రెండో చెయ్యి ఖాళీగా ఉండాలి. పొగలో దారి చూపించేది ఆ చెయ్యే. గోడ తడమాలి, మెట్టు అంచు వెతకాలి, తలుపు వేడిగా ఉందో లేదో చూడాలి.

పిల్లలకు ఇది తలకెక్కలేదు. చిన్నప్పటి నుంచి వీపు నేర్చుకున్న పని వీపు మానదు. పైగా ప్రాక్టీసుకు మేం వాడింది కూడా మిల్లు నుంచి తెచ్చిన యాభై కిలోల వడ్ల బస్తానే. బస్తాను చూస్తే చేతులు వాటంతటవే దాని మూలల చెవులు పట్టుకునేవి.

ఒక ఉదయం, బ్యాచ్‌లో అందరికంటే బలమైన పిల్లవాడు కళ్లకు తువ్వాలు కట్టుకుని, బస్తా వీపు మీద వేసుకుని మెట్లు దిగుతున్నాడు. సగంలో ఒక మెట్టు తప్పాడు. పట్టుకోవడానికి చెయ్యి లేదు. వాడు రెయిలింగుకు గుద్దుకుని ఆగాడు. బస్తా కింది దాకా దొర్లి పిగిలింది. మెట్ల నిండా వడ్లు.

ఎవరో నవ్వబోయారు. సాయిలు సార్ కూర్చుని గింజలు ఎత్తడం మొదలుపెట్టాడు. నేనూ కూర్చున్నాను. ఒక్కొక్కరే పిల్లలందరూ వచ్చి కూర్చున్నారు. చివరి గుప్పెడు సంచిలో పోసి ఆయన లేచాడు.

"వడ్లు గాబట్టి ఏరుకున్నం. మనిషైతే ఏం ఏరుకుందుం రా?"

ఆ రోజుతో బస్తా బంద్. పరీక్షకు ప్రాణమున్న మనిషినే మోయాలని సార్ తేల్చేశాడు. బరువు మాత్రం బస్తాకు తగ్గకూడదన్నాడు. మగపిల్లలు జతలు జతలుగా ఒకరినొకరు మోసుకోవడం మొదలుపెట్టారు.

జమునకు ఈ మార్పుతో మేలూ జరిగింది, కీడూ జరిగింది. తండాలో ఆమె నెత్తి మీద గడ్డిమోపు, చంకలో నీళ్ల బిందె మోసింది కానీ వీపు మీద బస్తా ఎన్నడూ మోయలేదు. అందుకని మరిచిపోవాల్సింది ఏమీ లేదు. సార్ చెప్పిన పద్ధతి చెప్పినట్టే పట్టింది. తన చెల్లెలి మీద ఇంటి దగ్గర రోజూ ప్రాక్టీసు చేసేదట. అది మేలు. కీడు ఏమిటంటే, పరీక్ష రోజున ఆమె మోయడానికి మనిషి లేడు. చెల్లెలు చిన్నపిల్ల, బరువు చాలదు. నా ఫ్రెంచ్ క్లాసు ఆడపిల్లలను అడిగాను. కింద పడేస్తుందని భయం, ఇంట్లో తిడతారని భయం. ఇద్దరైతే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఓదార్పు సర్టిఫికెట్

పరీక్షకు వారం ముందు ప్రిన్సిపాల్ గారి గదిలో కూర్చున్నాం. ఆయన, నేను, సాయిలు సార్. జమున వాళ్ల అమ్మ సోనీబాయిని వెంటబెట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

మగపిల్లవాడిని మోస్తే తప్పేమిటని సాయిలు సార్ అడిగాడు. ప్రిన్సిపాల్ గారు తల అడ్డంగా ఊపాడు. ఎవరో ఒకరు ఫోన్‌లో ఫొటో తీస్తారు, సాయంత్రానికి అది ఊరంతా తిరుగుతుంది, కాలేజీ పేరు పోతుంది, రేపటి నుంచి ఆడపిల్లల్ని పంపరు. ఇది వట్టి పిరికితనం అని కొట్టిపారేయలేను. అలాంటివి జరుగుతాయి. కానీ జరుగుతుందేమో అనే దానికి శిక్ష ఎప్పుడూ ఆడపిల్లకే ఎందుకు వేస్తారు?

ఆమెకు మాత్రం బస్తా పెట్టి పాస్ చేసేద్దామన్నాడు ఆయన. సాయిలు సార్ లేచి నిలబడ్డాడు.

"బస్తాతోని పాసిస్తే నేను సంతకం పెట్ట సార్. రేపు దవాఖానల నిజంగ అంటుకుంటే గీ పిల్ల బస్తాలనే తీస్కొస్తదా?"

అప్పుడు ప్రిన్సిపాల్ గారు నా వైపు తిరిగాడు. ఎలాగూ ఫ్రెంచ్‌లో కూడా ఉంది కదా మేడం, ఫ్రెంచ్ సర్టిఫికెట్ ఇచ్చి పంపుదాం, ఉత్త చేతులతో పోయినట్టు ఉండదు అన్నాడు.

నాకు ఉద్యోగంలో అంత కోపం వచ్చిన రోజు ఇంకొకటి లేదు.

"ఆమె ఫ్రెంచ్‌లో పాస్ కాలేదు సార్" అన్నాను. "ముప్పై ఒకటి వచ్చాయి. పాసుకు నలభై కావాలి. క్రియలు రావు, రాసింది సగం తప్పు. రాని దానికి నేను సర్టిఫికెట్ ఇవ్వను. వచ్చిన దానికి మీరు ఇవ్వనంటున్నారు."

జమున తల దించుకుంది. ఫెయిలైన సంగతి వాళ్లమ్మకు అప్పుడే తెలిసింది. అలా అందరి ముందు చెప్పాల్సిన మాట కాదని మీరు అనుకోవచ్చు. నేను అలా అనుకోను. ఆ పిల్ల మీద జాలి పడేవాళ్లు ఆ గదిలో చాలినంతమంది ఉన్నారు. లెక్క సరిగ్గా చెప్పేవాళ్లే లేరు.

తలుపు దగ్గరి నుంచి సోనీబాయి ముందుకు వచ్చింది. ఆమె కోపంగా లేదు, తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది.

"సారూ, మా పిల్ల గడ్డి మోసింది, కట్టెలు మోసింది, నాకు కాలిరిగితే నన్ను బస్సు దాక మోసింది. అప్పుడు ఆడపిల్ల అని ఎవ్వరు అనలె. సర్టిఫికెట్ అడిగితెనే ఆడపిల్లయిందా?"

ప్రిన్సిపాల్ గారు గాజు పేపర్‌వెయిట్ అటూ ఇటూ జరిపాడు. మెల్లగా అన్నాడు, అయితే ఎవర్ని మోస్తుంది చెప్పండి, ఆడమనిషి ఎవరు పడుకుంటారు?

"నేను పడుకుంటాను" అన్నాను.

సాయిలు సార్ నా నడుం నొప్పి సంగతి ఎత్తాడు. నడుం నాదన్నాను.

ఆ సాయంత్రమే ఎరువుల దుకాణానికి వెళ్లి కాటా మీద నిలబడ్డాను. దుకాణం అబ్బాయి ముల్లు చూసి, "ఏం మేడం, అమ్మకానికా?" అన్నాడు. యాభై ఎనిమిది. బస్తాకంటే ఎనిమిది కిలోలు ఎక్కువ. ఆ మాట సాయిలు సార్‌కు చెప్పి, పరీక్ష కాగితం మీద రాయించాను. రేపు ఎవరైనా ముసలామెను పెట్టి తేలిక చేశారు అనకూడదు. తర్వాత టైలర్ దగ్గరికి వెళ్లాను. సర్వీసంతా చీర తప్ప వేరే బట్ట కట్టని దాన్ని, పంజాబీ డ్రెస్ కుట్టించుకున్నాను. చీర కట్టిన మనిషిని ఆ పద్ధతిలో ఎత్తడం కుదరదు.

మెట్లు

పరీక్ష రోజు మైదానంలో జనం ఎక్కువగానే ఉన్నారు. జూనియర్ కాలేజీ పిల్లలు కూడా గోడెక్కి కూర్చున్నారు. చూడ్డానికి వచ్చింది జమునను కాదు, పంజాబీ డ్రెస్‌లో నన్ను. చూడనిచ్చాను.

మగపిల్లల వంతు అయింది. ఇద్దరు పాత అలవాటు మానలేక బస్తా పద్ధతిలోకే పోయారు. సార్ ఇద్దర్నీ ఫెయిల్ చేశాడు.

నేను మేడమీది గదిలో నేల మీద పడుకున్నాను. స్పృహలేని మనిషి కదలకూడదు, మాట్లాడకూడదు, ఎత్తేవాళ్లకు సాయపడకూడదు. అదే రూలు. జమున కళ్లకు తువ్వాలు కట్టుకుని మోకాళ్ల మీద వచ్చింది. తడిమి నా తల ఎటుందో చూసుకుంది. నన్ను కూర్చోబెట్టి, తన ఒంటికి ఆనించి లేపి, వంగి భుజాల మీదికి తీసుకుంది. ఒక్కసారి తూలింది. నిలదొక్కుకుంది. నా కడుపు ఆమె భుజం ఎముక మీద పడి ఊపిరి ఆడలేదు. ఆమె కుడిచెయ్యి గోడ మీద గరగరమని జరగడం వినిపిస్తోంది.

తలకిందులుగా మెట్లు కనిపిస్తున్నాయి. ఆమె ప్రతి మెట్టు అంచునూ మడమతో వెతుక్కుని దిగుతోంది. నడిమి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె కాళ్లు వణకడం నాకు తెలుస్తోంది. ప్రిన్సిపాల్ గారు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన బూట్లు నా కళ్ల ముందున్నాయి.

"చాలమ్మా" అన్నాడు. "అందరం చూసినం. మేడం పెద్ద మనిషి. ఇగ దించు, నువ్వు పాసైనట్టే."

జమున ఆగింది.

ఆయన ప్రేమగానే అన్నాడు. అందులోనే ప్రమాదం ఉంది. అక్కడ దించితే ఆమెకు దక్కేది ఆయన దయ. సగం మెట్ల దాకా మోసిన పిల్ల అని ఎప్పటికీ చెప్పుకుంటారు. సాయిలు సార్ కింద గీత దగ్గరున్నాడు, ఆయనకు ఇదేమీ వినబడదు. జమున ఊపిరి పెద్దగా వినిపిస్తోంది. ఆమె భుజం కొద్దిగా కిందికి వాలడం మొదలైంది.

నేను రూలు తప్పాను.

"గీత దాకా పో" అన్నాను.

ఆమె నన్ను భుజాల మీద ఒక్క కుదుపుతో పైకి సర్దుకుంది. గోడ కోసం చెయ్యి చాపింది. ఆ చెయ్యికి ముందు ప్రిన్సిపాల్ గారి చొక్కా తగిలింది. మంటల్లో అడ్డమొచ్చిన దాన్ని ఎలా తోసేయాలని సార్ నేర్పాడో అలాగే తోసి, గోడ అందుకుని, మిగతా మెట్లు దిగింది. మైదానంలో ఎండ నా వీపు మీద పడింది. గీత దాటాక మోకాలి మీద కూర్చుని, ఒక చెయ్యి నా మెడ కింద పెట్టి, పడుకోబెట్టింది. తల నేలకు కొట్టుకోలేదు.

సాయిలు సార్ వచ్చి నా మెడ కింద ఆమె చెయ్యి చూశాడు. గోడ సున్నం అంటిన రెండో చెయ్యి చూశాడు. కాగితం మీద మార్కులు వేశాడు. మెట్ల మీద ఏం జరిగిందో నేనే చెప్పాను, ఎందుకంటే చెప్పాలి. స్పృహలేని మనిషి మాట్లాడింది కాబట్టి రెండు మార్కులు కోశాడు. కోసినా, పాసు మార్కు దాటి చాలా పైన ఉంది.

సర్టిఫికెట్లు ప్రిన్సిపాల్ గారి సంతకానికి వెళ్లిన రోజు నేనూ ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఫైర్ కోర్సు సర్టిఫికెట్ మీద పేరు పక్కన కుమారుడు అని మాత్రమే అచ్చయి ఉంది. ఆయన పెన్ను పట్టుకుని ఆగాడు. అచ్చు కాగితం మీద కొట్టివేత బాగుండదన్నాడు. అబద్ధం అంతకంటే బాగుండదన్నాను. ఆయన కుమారుడిని కొట్టేసి, పైన కుమార్తె అని చేత్తో రాసి, పక్కన పొడి సంతకం పెట్టి, కింద పూర్తి సంతకం పెట్టాడు. ఆ కాగితం చూపించే జమున ఆ దవాఖానలో చేరింది. ఇప్పటికీ అక్కడే చేస్తోంది.

ఆ సంతకం రోజునే, వచ్చే బ్యాచ్‌కు రెండూ అచ్చు వేయించమని అడిగాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఇంక ఎవరన్న వస్తరా మేడం?"

బయట వరండాలో చప్పుడవుతోంది. లేచి కిటికీలోంచి చూడమన్నాను. మోయడానికి పడుకోమంటే చున్నీ అడ్డం పెట్టుకుని నవ్విన నా ఫ్రెంచ్ క్లాసు పిల్లలిద్దరిలో ఒకామె రెండో ఆమెను భుజాల మీద వేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, గోడ తడుముకుంటూ తూలుతూ నడుస్తోంది. పైన ఉన్న పిల్ల తిడుతోంది, దించమని మాత్రం అనడం లేదు.

ప్రిన్సిపాల్ గారు చాలాసేపు చూశాడు. తర్వాత కూర్చుని, ప్రెస్సువాడి నంబరు అడిగాడు.